స్కానింగుకు పంపిన వైద్యుడు ఆ చిత్రాలను స్వయంగా చూడాలంటే ఏమి చేయాలి?

ప్రశ్న: కనిగిరి ఫిజీషియన్

సభ్యులందరికీ నమస్కారం. నేను కనిగిరిలో పదకొండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న జనరల్ ఫిజీషియన్‌ను. మా క్లినిక్కులో ఎక్స్-రే, ఈసీజీ మాత్రమే ఉన్నాయి. సీటీ గానీ ఎం.ఆర్.ఐ. గానీ అవసరమైతే చీటీ రాసి ఒంగోలుకో నెల్లూరుకో పంపిస్తాను. రోగి పొద్దున బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికో మరునాటికో ఒక పెద్ద కవరుతో తిరిగి వస్తాడు. అందులో రెండు మూడు ఫిల్ములు, రెండు పేజీల రిపోర్టు, ఒక్కోసారి ఒక సీడీ ఉంటాయి. ఈమధ్య కొన్ని సెంటర్లవారు సీడీకి బదులు ఫోనుకు ఒక లింకు పంపుతున్నారు. ఇన్నేళ్లూ నేను రిపోర్టు చివర ఉండే ఇంప్రెషన్ (ముగింపు అభిప్రాయం) చదివి, ఫిల్మును వ్యూ బాక్సు మీద ఒకసారి చూసి, వాటి ఆధారంగానే వైద్యం చేస్తూ వచ్చాను. సీడీలను తెరిచి చూసిన సందర్భాలు చాలా తక్కువ. నా కొత్త ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే వీలు కూడా లేదు.

రెండు నెలల క్రితం జరిగిన ఒక సంఘటన తరువాత ఈ పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. డెబ్బై రెండేళ్ల పెద్దాయన ఒకరు ఇంటి దగ్గర బోరింగు గట్టు మీద కాలుజారి పడ్డారు. గుండెజబ్బుకు, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆస్పిరిన్ వాడుతున్న మనిషి. పడిన మూడో రోజున తలనొప్పి తగ్గడం లేదని నా దగ్గరికి వచ్చారు. స్పృహలో తేడా లేదు, కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. అయినా అనుమానం తీరక తలకు సీటీ తీయించమని పంపాను. రాత్రి ఎనిమిదిన్నరకు ఆయన కొడుకు స్కానింగ్ సెంటరు బయట నిలబడి, ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా పట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. ఒక్క ఫోటోలో ముప్పై చిన్న గడులు, నా ఫోనులో ఒక్కొక్కటి చిటికెనవేలి గోరంత. వేళ్లతో పెద్దవి చేసి ఒక్కొక్కటే చూశాను. మెదడు మధ్యగీత పక్కకు జరగలేదు, పెద్ద రక్తపు గడ్డ ఏదీ కనిపించలేదు. "భయపడాల్సిందేమీ కనిపించడం లేదు బాబూ, రేపు రిపోర్టు వచ్చాక మాట్లాడుకుందాం" అని చెప్పాను. మరునాడు మధ్యాహ్నం వచ్చిన రిపోర్టులో, కుడివైపు పుర్రె ఎముక వెంబడి ఐదు మిల్లీమీటర్ల మందాన తాజా సబ్‌డ్యూరల్ (మెదడు పైపొర కింద) రక్తస్రావం ఉందని రాశారు. ఈలోగా ఆ రాత్రి కూడా పెద్దాయన ఆస్పిరిన్ మాత్ర వేసుకున్నారు. వెంటనే నెల్లూరులో న్యూరోసర్జన్ దగ్గరికి పంపాం. ఆపరేషన్ అవసరం లేకుండానే కోలుకున్నారు. కానీ ఆ రాత్రి నేను చెప్పిన మాట నన్ను ఇంకా వదలడం లేదు.

అందుకే అడుగుతున్నాను. మాలాగా చిన్న ఊళ్లలో ఉండి రోగులను బయటికి పంపే వైద్యులు అసలు చిత్రాలను ఎలా చూడాలి? మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుందా? రేడియాలజిస్టు రిపోర్టు చేతిలో ఉన్నప్పుడు, ఆ శాస్త్రంలో ప్రత్యేక శిక్షణ లేని నాబోటివాడు మళ్లీ చిత్రాలు చూడడం వల్ల ప్రయోజనం ఉందా, లేక అనవసరమైన అయోమయం పెరుగుతుందా?

జవాబు: రేడియాలజిస్టు, నెల్లూరు

నమస్కారం డాక్టరు గారూ. జరిగినదాన్ని దాచుకోకుండా రాసినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. ఆ రాత్రి మీ కంటికి చేరేలోగా ఆ స్కానింగు మూడు చేతులు మారింది. మొదట యంత్రంలోని సమాచారం ఫిల్ముగా మారింది, ఆ ఫిల్ము ఫోటోగా మారింది, ఆ ఫోటోను వాట్సాప్ మళ్లీ కుదించింది. ఒక్కో మెట్టులో కొంత కొంత పోతూ వచ్చింది. వీటిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం ఎక్కడ జరిగిందంటే, చాలామంది అనుకున్నట్టు వాట్సాప్‌లో జరగలేదు, ఫిల్ము దగ్గరే జరిగింది. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే తక్కినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

సీటీ చిత్రంలో ప్రతి చుక్క వెనుకా ఒక సంఖ్య ఉంటుంది. సీటీని తయారుచేసి 1979లో నోబెల్ బహుమతి పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఆ కొలతను పిలుస్తాం. నీటికి 0, గాలికి మైనస్ 1000. మెదడులోని తెల్లపదార్థం 25–30 దగ్గర, బూడిదపదార్థం 35–40 దగ్గర ఉంటాయి. గడ్డకట్టిన తాజా రక్తం 50–70 మధ్య ఉంటుంది. పుర్రె ఎముక కొన్ని వందలు దాటి వెయ్యి వరకూ, ఆపైనా పోతుంది. యంత్రం ఇలాంటి 4096 స్థాయిలను నమోదు చేయగలదు. మామూలు తెర చూపగలిగిన నలుపు తెలుపుల మధ్య ఛాయలు 256 మాత్రమే, మన కన్ను వేరుచేయగలిగినవి అంతకంటే తక్కువ. కాబట్టి ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య వరకు ఛాయలుగా చూపించాలో ముందే ఎంచుకోవాలి. దాన్నే విండో అంటాం.

మెదడుకు సాధారణంగా వాడే విండో కేంద్రం 40, వెడల్పు 80. అంటే 0 నుంచి 80 వరకే ఛాయలు కనిపిస్తాయి, 80 దాటినదంతా ఒకే తెలుపు. ఇప్పుడు మీ పెద్దాయన తలను ఊహించండి. రక్తం 65 దగ్గర ఉంది కాబట్టి దాదాపు తెల్లగానే కనిపిస్తుంది, దాని పక్కనే ఎముక పూర్తి తెలుపు. ఐదు మిల్లీమీటర్ల పల్చని రక్తపు పొర ఎముకలో కలిసిపోయి, పుర్రె కాస్త మందంగా ఉన్నట్టు మాత్రమే అనిపిస్తుంది. అదే చిత్రాన్ని కంప్యూటరులో తెరిచి, కేంద్రం 80కి, వెడల్పు 200కి మారిస్తే, అదే రక్తం మధ్యస్థ బూడిదరంగులోకి దిగుతుంది, ఎముక మాత్రం తెల్లగానే నిలుస్తుంది, రెండింటి మధ్య గీత విడిపోతుంది. ఈ మార్పుకు పట్టేది రెండు సెకన్లు. ఫిల్ము మీద ఆ అవకాశం లేదు, ఎందుకంటే ప్రింటు తీసేటప్పుడు టెక్నీషియన్ ఎంచిన విండో అక్కడే శాశ్వతంగా నిలిచిపోతుంది. వ్యూ బాక్సు ఎంత మంచిదైనా దాన్ని తిరిగి మార్చలేదు.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. మీరు చిత్రాలు చూడాలి. మా రిపోర్టు మీద నమ్మకం లేక కాదు. రోగిని తాకి చూసింది మీరు, నేను అతని ముఖం కూడా చూసి ఉండను. రోజుకు ఎన్నో స్కానింగులు చూసే నాకు వచ్చే చీటీల్లో సగానికి సగం "తలనొప్పి, సీటీ బ్రెయిన్" అని రెండు మాటలతో ముగుస్తాయి. పడి మూడు రోజులైందనీ, ఆస్పిరిన్ వాడుతున్నారనీ చీటీలో ఉంటే నేను మొదట వెతికే చోటే మారిపోతుంది, టెక్నీషియన్ కూడా ఆ స్కానింగును వరుసలో ముందుకు తెస్తాడు, రిపోర్టు కంటే ముందు మీకు ఫోను వస్తుంది. అలాగే ఛాతీ సీటీలో ఊపిరితిత్తుల పైభాగాల్లో చిన్న చిన్న గుండ్లలాంటి మచ్చలు కనిపించినప్పుడు, మన ప్రాంతంలో ఎవరికైనా మొదట తట్టేది క్షయ. రోగి చీమకుర్తి క్వారీలో ఇరవై ఏళ్లు రాయి కోసిన మనిషి అని ఒక్క వాక్యం రాస్తే సిలికోసిస్ (రాతి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కూడా అంతే బలంగా ఆలోచనలోకి వస్తుంది. ఆ వాక్యం రాయగలిగింది పంపిన వైద్యుడు ఒక్కరే.

తెర విషయానికి వస్తే, రిపోర్టు చేతిలో పెట్టుకుని సీటీ, ఎం.ఆర్.ఐ. చిత్రాలను సరిపోల్చుకోవడానికి మంచి ల్యాప్‌టాప్ చాలు. గదిలో లైటు తగ్గించండి, తెర వెలుతురు పెంచండి, కిటికీకి ఎదురుగా కూర్చోకండి. మామోగ్రామ్ మాత్రం అలా చూడకూడదు. దానికి 5 మెగాపిక్సెల్ ప్రత్యేక మానిటర్లు వాడేది ఊరికే కాదు. ఛాతీ ఎక్స్-రేలో పల్చని న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), వెంట్రుకవాసి ఎముక చీలిక వంటివి కూడా మామూలు తెర మీద తప్పిపోతాయి. అల్ట్రాసౌండ్ విషయం వేరు. అక్కడ ప్రోబ్ పట్టినవారు కదిలే చిత్రాన్ని చూసి నిర్ణయిస్తారు, మీకు వచ్చే నాలుగు నిశ్చల చిత్రాల నుంచి కొత్తగా తేల్చగలిగింది తక్కువ. మీ కంటికి కనిపించినదానికీ రిపోర్టుకూ తేడా ఉంటే వెంటనే ఫోను చేయండి. అవసరమైతే అదే రిపోర్టుకు అనుబంధం రాసి ఇస్తాం. అలా ఫోను చేసే వైద్యులను నేను ఎంతో గౌరవిస్తాను.

జవాబు: సీటీ టెక్నీషియన్, ఒంగోలు

సార్, రేడియాలజిస్టు గారు చెప్పినదానికి పని జరిగే వైపు నుంచి కొన్ని విషయాలు కలుపుతాను. చిత్రాలన్నీ డైకామ్ అనే పద్ధతిలో నిలువ ఉంటాయి. వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకదాని చిత్రాన్ని ఇంకొకటి చదవలేని రోజుల్లో, అమెరికాలో రేడియాలజిస్టుల సంఘమూ యంత్రాల తయారీదారుల సంఘమూ కలిసి 1985లో మొదటి ప్రమాణాన్ని విడుదల చేశాయి. 1993 నుంచి దానికి డైకామ్ అనే పేరు వచ్చింది. అందుకే ఏ కంపెనీ యంత్రం మీద తీసినా మీ ల్యాప్‌టాప్‌లో ఒకే వ్యూయర్‌తో, అంటే చిత్రాలు చూపే సాఫ్ట్‌వేర్‌తో, తెరవవచ్చు.

సీటీలో ఒక్కో చిత్రం అడ్డం 512, నిలువు 512 చుక్కలు, చుక్కకు రెండు బైట్లు, అంటే అర మెగాబైటు. పల్చని స్లైసులతో (అడ్డుకోతలతో) మూడు వందల చిత్రాలు వస్తే 150 మెగాబైట్లు. ఫిల్ము మీద మేము వేసేది వాటిలో ఎంపిక చేసిన ముప్పై నలభై మాత్రమే, అవి కూడా సాధారణంగా ఐదు మిల్లీమీటర్ల మందపు స్లైసులే. కాబట్టి చీటీ మీదే "పల్చని స్లైసులతో సహా డైకామ్ సీడీ గానీ లింకు గానీ ఇవ్వగలరు" అని రాయండి. అడిగితే చాలాచోట్ల ఇస్తారు. అడగకపోతే సీడీలో మందపు స్లైసులే రాయడం జరుగుతుంది.

సీడీ తెరవడానికి యూఎస్‌బీతో పెట్టుకునే బయటి డీవీడీ డ్రైవు ఒకటి కొనుక్కోండి. సీడీలో ఉన్న ఫైళ్లకు చివర ఏ పొడిగింపూ లేకపోవడం చూసి చాలామంది సీడీ పాడైందనుకుంటారు. అది పాడవలేదు. డైకామ్‌డిర్ అనే ఫైలు అందులో విషయసూచిక వంటిది. సీడీ మొత్తాన్ని ఒక ఫోల్డరులోకి కాపీ చేసి, వ్యూయర్‌లో ఆ ఫోల్డరును తెరిస్తే అన్నీ వరుసలో వస్తాయి. ఒకటి రెండు ఫైళ్లు ఏరి కాపీ చేస్తే సగమే కనిపిస్తాయి. వ్యూయర్లలో వీసిస్ ఉచితం, విండోస్‌లోనూ ఇతర కంప్యూటర్లలోనూ పనిచేస్తుంది. మ్యాక్ వాడేవారికి హోరోస్ ఉంది. విండోస్‌లో రేడియాంట్ వాడే డాక్టర్లు చాలామంది, అది డబ్బు కట్టి కొనుక్కోవాలి. మౌస్ చక్రం తిప్పితే స్లైసులు కదులుతాయి. మెదడు, ఊపిరితిత్తి, ఎముక అనే విండోలు ముందే సిద్ధం చేసి ఉంటాయి, ఒక్క నొక్కుతో మారతాయి.

లింకు వచ్చినప్పుడు ఫోనులో కాక కంప్యూటరు బ్రౌజరులో తెరవండి. చాలా లింకులకు గడువు ఉంటుంది, అది ముగిశాక చిత్రాలు తెరుచుకోవు. కాబట్టి అదే రోజు డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవడం మంచిది. డైకామ్ ఫైలు లోపల రోగి పేరు, వయసు, తేదీ అన్నీ రాసి ఉంటాయి, చిత్రం మీద కనిపించకపోయినా లోపల ఉంటాయి. వేరే డాక్టరు సలహా కోసం పంపేటప్పుడు వ్యూయర్‌లోనే పేరు తొలగించే సదుపాయం వాడి పంపండి. వాట్సాప్ తప్ప దారి లేకపోతే ఫోటోగా పంపకుండా, జిప్ చేసి డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు అది కుదించదు.

ఇంకొక్క మాట. ఏ చిత్రం తెరిచినా ముందు మూలన ఉన్న పేరు, వయసు, తేదీ చూడండి సార్. మన వైపు ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఒకే రోజు ఇద్దరు వస్తుంటారు. ఒక సెంటరులో ఇచ్చిన నంబరు ఇంకో సెంటరులో పనికిరాదు కాబట్టి పాత స్కానింగుతో పోల్చడం మాకూ కష్టమవుతోంది. రోగికి 14 అంకెల ఆభా సంఖ్య (జాతీయ ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే చీటీ మీద అది కూడా రాయండి.

జవాబు: కావలి నుంచి ఒక రోగి కుమారుడు

అయ్యా, నేను వైద్యుణ్ణి కాను. మా నాన్నగారి కాలేయం జబ్బు కోసం నాలుగేళ్లుగా కావలి నుంచి నెల్లూరుకూ, అక్కడి నుంచి చెన్నైకీ తిరుగుతున్నాను. ఇంట్లో బీరువా మీద పదహారు కవర్లు ఉన్నాయి. నిరుడు ఎండాకాలంలో కారులో రెండు గంటలు వదిలేసిన ఒక కవరులో ఫిల్ములు నల్లబడి పనికిరాకుండా పోయాయి. చెన్నైలో డాక్టరుగారు పాత సీటీ లేకుండా గడ్డ పెరిగిందో లేదో చెప్పలేమన్నారు. మళ్లీ తీయించాల్సి వచ్చింది. సీడీ అడిగే హక్కు మాకు ఉందా? అడిగితే విసుక్కుంటారేమోనని ఇన్నాళ్లూ అడగలేదు.

జవాబు: రేడియాలజిస్టు, నెల్లూరు

తప్పకుండా అడగండి. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం రోగి గానీ అతని తరఫువారు గానీ వైద్య రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేళ్లపాటు భద్రపరచాలని కూడా అందులోనే ఉంది. మూడేళ్లు దాటినవి వారి దగ్గర దొరుకుతాయన్న భరోసా లేదు కాబట్టి మీ దగ్గర ఉన్న సీడీలన్నిటినీ ఒక పెన్‌డ్రైవులోకి, తేదీల వారీగా ఫోల్డర్లు చేసి కాపీ చేసుకోండి. వేడికి నల్లబడే ఫిల్ముల కంటే అవి ఎంతో నయం. గడ్డ కొలత మారిందో లేదో చెప్పాలంటే పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి అదే స్థాయిలో కొలవాలి. పాత రిపోర్టులోని సంఖ్య ఒక్కటే ఉంటే ఆ పని సగమే జరుగుతుంది.

జవాబు: ఫిజీషియన్, పొదిలి

కనిగిరి మిత్రులకు నమస్కారం. మీరు అడిగిన మూడో ప్రశ్న గురించే నేను రాయాలనుకుంటున్నాను. మన పల్లెల్లో ముప్పై ఏళ్లు వైద్యం చేసిన తరువాత నేను గట్టిగా నమ్మే విషయం ఇది.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన వైద్యులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను (నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బును) గుర్తించి ప్రకటించారు. మన దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన తొలి వివరాలు అవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మన పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అంటే దూరపు పుస్తకాల్లో చదివే జబ్బు కాదు, మన ఊరి బోరు నీళ్ల జబ్బు. పళ్ల మీద గోధుమరంగు చారలు, నిటారుగా కూర్చోలేని నడుము, పక్కకు తిరగని మెడ మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

నాలుగేళ్ల క్రితం అరవై ఐదేళ్ల రైతు ఒకరు నడుము నొప్పితో పెద్ద నగరంలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి, అక్కడే పొట్టకు, వెన్నుకు సీటీ తీయించుకున్నారు. రిపోర్టులో వెన్నుపూసలన్నీ అసాధారణంగా చిక్కగా ఉన్నాయనీ, ప్రోస్టేట్ క్యాన్సరు ఎముకలకు పాకి ఉండవచ్చనీ, పరీక్షలు చేయించాలనీ రాశారు. రాసిన రేడియాలజిస్టు తప్పు చేశారని నేను అనను. వయసు అరవై ఐదు, మగ మనిషి, ఎముకలు తెల్లగా ఉన్నాయి, చీటీలో ఊరి పేరు లేదు, ఆ నగరంలో ఎవరు చూసినా అదే రాస్తారు. కుటుంబమంతా ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది.

ఆ రోజు సీడీ ఉండడం వల్ల చిత్రాలు నేనే చూడగలిగాను. ఎముక విండోలో పెట్టి పై నుంచి కింది దాకా నెమ్మదిగా కదిలించాను. క్యాన్సరు పాకితే సాధారణంగా ఒక పూసలో ఒక మచ్చ, ఇంకో పూసలో ఇంకో మచ్చగా, పక్కపక్కనే మామూలు ఎముకతో ఉంటుంది. ఇక్కడ ప్రతి పూసా, ప్రతి పక్కటెముకా, కటి ఎముకా ఒకే రకమైన తెలుపు. పూసల వెనుక లిగమెంట్లు కూడా ఎముకలా గట్టిపడి వెన్నుపాము దారిని ఇరుకు చేస్తున్నాయి. వెంటనే మా క్లినిక్కులోనే ముంజేతికి ఎక్స్-రే తీయించాను. రెండు ఎముకల మధ్య ఉండే పల్చని పొర అంచు వెంబడి ముళ్లలాగా సున్నం పేరుకుని ఉంది. ఆ ఒక్క గుర్తు చూస్తే మన ప్రాంతపు వైద్యుడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయినా ప్రోస్టేట్ క్యాన్సరు అనుమానానికి చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించాను, అది మామూలుగానే వచ్చింది. ఫిల్ముల మీద ఆ సీటీ పొట్ట విండోలోనే ప్రింటు అయింది, అందులో ఎముకలన్నీ వట్టి తెల్లటి ముద్దలే. ఫిల్ములు మాత్రమే ఉండి ఉంటే నాకు ఏ తేడా తెలిసేది కాదు.

కాబట్టి రేడియాలజిస్టుకు తెలిసిన శాస్త్రం మనకు లేకపోవచ్చు, మనకు తెలిసిన నేల ఆయనకు తెలియకపోవచ్చు. చిత్రాన్ని ఇద్దరూ చూడాలి. చీటీలో ఊరి పేరు, తాగే నీరు బోరుదా కాదా అన్నది రాయడం నేను అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. మన ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు కూడా ఎక్కువే కాబట్టి కాంట్రాస్టుతో (నరంలోకి ఎక్కించే మందుతో) స్కానింగు రాసేటప్పుడు, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ ఇటీవలి విలువ, తేదీతో సహా చీటీ మీద ఉండాలి. అది లేక రోగి అక్కడిదాకా వెళ్లి ఒట్టి చేతులతో తిరిగి వచ్చిన సందర్భాలు చూశాను.

జవాబు: ఎముకల వైద్యుడు, ఒంగోలు

నడుము ఎం.ఆర్.ఐ. గురించి మాత్రమే చెబుతాను. ఇక్కడ ప్రమాదం తలకిందులుగా ఉంటుంది, ఉన్నది కనిపించకపోవడం కంటే కనిపించినదానికి లేని ప్రాముఖ్యం ఇవ్వడం ఎక్కువ. 1994లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో నడుము నొప్పే లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, 52 శాతం మందికి కనీసం ఒక చోటైనా డిస్కు ఉబ్బు కనిపించింది. రిపోర్టులో నాలుగు డిస్కుల పేర్లు చూసి రోగి మంచం పట్టడం, వైద్యుడు ఆపరేషన్ గురించి ఆలోచించడం రెండూ తొందరపాటే.

నేను చేసేది ఇది. ముందు రోగిని పరీక్షిస్తాను. పొగాకు బ్యారన్‌లో కర్ర మోసే కుర్రవాడికి కుడికాలి బొటనవేలు పైకి లేవడం లేదంటే, కుడివైపు ఎల్‌5 (నడుములో ఐదో) నరం మీద నా అనుమానం. అప్పుడు చిత్రాలు తెరిచి, నిలువు చిత్రం మీద ఎల్‌4–ఎల్‌5 డిస్కు దగ్గర క్లిక్ చేసి, దానికి సంబంధించిన అడ్డుకోతను పక్క గడిలో చూస్తాను. ఈ రెండు గడులనూ కలిపే గీత వ్యూయర్‌లో కనిపిస్తుంది, ఫిల్ము మీద అయితే చిన్న అంకెలు చదివి మనమే లెక్కించుకోవాలి. డిస్కు కుడివైపుకు పొడుచుకుని ఆ నరాన్ని నొక్కుతూ ఉంటే పరీక్ష, చిత్రం ఒక మాట మీద ఉన్నట్టు. ఎడమవైపు ఉబ్బి, నొప్పి కుడివైపు ఉంటే నేను కత్తి పట్టను, రేడియాలజిస్టుకు ఫోను చేస్తాను.

ప్రశ్న అడిగినవారు: కనిగిరి ఫిజీషియన్

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. డీవీడీ డ్రైవు తెప్పించి, వీసిస్ పెట్టుకుని, మొదటగా ఆ పెద్దాయన సీడీనే తెరిచాను. సీడీ వాళ్లింట్లో దేవుడి పటాల వెనుక భద్రంగా ఉంది. మెదడు విండోలో కుడివైపు పుర్రె కాస్త మందంగా ఉన్నట్టే ఉంది, ఆ రాత్రి నేను చూసింది అదే. నెల్లూరు డాక్టరు గారు చెప్పినట్టు కేంద్రం 80కి, వెడల్పు 200కి మార్చాను. ఎముక లోపలి అంచు వెంబడి నెలవంకలాంటి బూడిదరంగు పట్టీ విడిగా తేలి వచ్చింది. మౌస్ చక్రం తిప్పుతూ లెక్కపెడితే మందపు స్లైసుల్లోనే పదకొండింటిలో ఉంది. పెద్దాయన కొడుకును పక్కన కూర్చోబెట్టి అదంతా చూపించాను, ఆ రాత్రి ఫోటోలో ఇది ఎందుకు కనిపించలేదో కూడా చెప్పాను. అతను చాలాసేపు తెర వైపే చూసి, "మళ్లీ తీయించాల్సి వస్తే సీడీ తీసుకున్నాకే బయలుదేరతాను సార్" అన్నాడు.

చీటీ కూడా మార్చి కొత్త పుస్తకం అచ్చు వేయించాను. వయసు కింద ఊరు, వృత్తి, తాగే నీరు అనే మూడు గడులు, ఆ కింద వాడుతున్న మందులు, క్రియాటినిన్, తేదీ, చివర "ప్రమాదకరమైనది ఏది కనిపించినా ఏ వేళనైనా ఈ నంబరుకు ఫోను చేయగలరు" అన్న వాక్యం పెట్టించాను. నిన్న రాత్రి పదింటికి ఒంగోలు నుంచి మొదటి ఫోను వచ్చింది. కడుపునొప్పి అని పంపిన ఒక గృహిణికి అపెండిక్స్ పగిలిందట. నేను లింకు తెరిచి చూసేలోపే ఆమెను అక్కడి నుంచే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లారు.